తీగ రంగు ఒకటి, తీగ చేసే పని ఒకటి

ఇంటి కరెంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము నల్గొండ పట్టణంలో ఈ మధ్య ఒక పాత ఇల్లు కొన్నాం. కింది అంతస్తు 1986లో కట్టినదని, పై గదులు ఆ తరువాత వేసినవని అమ్మినవారు చెప్పారు. వంటింట్లో గ్రైండరుకు కొత్త ప్లగ్గు పెట్టించడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, ఆయన డీబీ డబ్బా (ఇంట్లోని గదులన్నిటికీ కరెంటు పంచే డబ్బా) మూత తీసి చూసి, "ఈ వైరింగు నాకు సమజ్ అయితలేదు, నేను ముట్టను" అని మళ్లీ మూత బిగించి వెళ్లిపోయారు. మరునాడు మా తమ్ముడు మూత తీసి ఫొటోలు తీశాడు. లోపల ఆరు ఎంసీబీలు (కరెంటు మితిమీరితే తమంతట తామే పడిపోయే స్విచ్చులు) ఉన్నాయి. ఎర్ర తీగలు మూడు, నల్లవి ఆరో ఏడో, పసుపుది ఒకటి, నీలంవి రెండు. ఆకుపచ్చ తీగ ఒకటి ఎర్తు పట్టీకి కాకుండా న్యూట్రల్ పట్టీకి బిగించి ఉంది. నల్ల తీగ ఒకటి నేరుగా ఒక ఎంసీబీలోకి పోయింది. నాలుగో ఎంసీబీ దించితే వెనక గదిలో లైటు ఆరిపోతుంది గాని, అక్కడి హోల్డరులో టెస్టరు పెడితే వెలుగుతూనే ఉంది. మరొక తీగ కొసకు టేపు చుట్టి డబ్బా మూలకు మడిచి పెట్టారు. అది దేనిదో ఎవరికీ తెలియదు. వీటిలో ఏది ప్రమాదం, ఏది మామూలు?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ముందుగా మీ ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ గురించి ఒక మాట. తనకు అర్థం కాని వైరింగును ముట్టనని చెప్పి వెళ్లిన మనిషి మీద కోపం పెట్టుకోకండి. దొరికిన తీగకు కొత్త ప్లగ్గు తగిలించి, డబ్బు తీసుకుని పోయేవారు తక్కువేమీ కాదు. మీ తమ్ముడు చేసిన పని మాత్రం సగమే మంచిది. ఫొటోలు తీయడం ఉపయోగమే. కాని మెయిన్ స్విచ్చు దించిన తరువాత కూడా, మీటరు నుంచి వచ్చే తీగలు ఆ స్విచ్చుకు కలిసే చోట 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి. మూత తీసేవారు ఇది తెలియకుండా లోపల వేలు పెట్టకూడదు. మీటరు సీలుకూ, దానికి ముందున్న సర్వీసు తీగకూ ఇంటివారు గాని, ప్రైవేటు ఎలక్ట్రీషియన్ గాని చేయి తగిలించరాదు. అక్కడ ఏదైనా చేయవలసి వస్తే 1912కు ఫోన్ చేసి విద్యుత్ శాఖవారినే పిలవాలి.

ఇక తీగల సంగతి. కరెంటును తెచ్చేది ఫేజు, దాన్ని తిరిగి తీసుకుపోయేది న్యూట్రల్, లీకైన కరెంటును భూమిలోకి దింపేది ఎర్తు. మన దేశంలో ఇళ్ల వైరింగుకు చాలాకాలంగా ఉన్న పద్ధతి ప్రకారం మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ లేదా పసుపు చారలున్న ఆకుపచ్చ వాడాలి. ఒక్క ఫేజు మాత్రమే వచ్చే ఇంట్లో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ తప్ప వేరే రంగు కనిపించవలసిన అవసరమే లేదు. అయితే మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు వచ్చే మెత్తని తాడు వైరులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. అంటే గోడలో నడిచే నీలం తీగ ఫేజు కావచ్చు, కూలరు తాడులోని నీలం తీగ న్యూట్రల్ కావచ్చు; ఎవరైనా మిగిలిపోయిన తాడు వైరును గోడ పైపులో దూర్చి ఉంటే ఆ రెండు అర్థాలూ ఒకే డబ్బాలో కలగలిసిపోతాయి. పైగా, పని మధ్యలో ఎర్ర తీగ చుట్ట అయిపోతే, దుకాణానికి మళ్లీ పోవడం ఇష్టంలేక చేతిలో ఉన్న నల్లదానితోనే పని ముగించే అలవాటు అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. కాబట్టి రంగును బట్టి ఒక అనుమానం మాత్రమే పెట్టుకోవచ్చు. ఆ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నదో, అందులో కరెంటు ఎటు నడుస్తున్నదో కొలిచి చూసేదాకా దానికి పేరు పెట్టకూడదు.

రంగు కంటే తీగ లావు, దాని పోగులు వయసును బాగా చెబుతాయి. పాతవారు ఇప్పటికీ త్రీ బై ట్వంటీటూ, సెవెన్ బై ట్వంటీ అంటుంటారు. 3/22 అంటే 22 గేజి పోగులు మూడు, 7/20 అంటే 20 గేజి పోగులు ఏడు అని అర్థం. ఇప్పటి లెక్కలో మొదటిది సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు, రెండోది సుమారు 4.6. మీ కింది అంతస్తులో ఈ పాత కొలతల తీగలు, పై అంతస్తులో 1.5, 2.5 అని ముద్రించిన తీగలు ఉంటే, ఏది ఏ కాలంలో వేసినదో రంగుతో పనిలేకుండానే విడదీయవచ్చు. కొస దగ్గర లోహం రాగి రంగులో కాక వెండిలా తెల్లగా, ఒకే కడ్డీలా కనిపిస్తే అది అల్యూమినియం కావచ్చు. ఆ రోజుల్లో చాలా ఇళ్లకు అదే వేశారు. తీగ మంచి స్థితిలో ఉంటే అల్యూమినియం తనంతట తాను ప్రమాదం కాదు. దానికి రాగి తీగను నేరుగా మెలిపెట్టి కలిపిన చోటే చిక్కు. తేమ తగిలితే ఆ రెండు లోహాల మధ్య తుప్పు పడుతుంది, వేడికి సాగి చల్లబడినప్పుడల్లా అతుకు వదులవుతుంది.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ సంగతి చెప్పినది నాలుగో ఎంసీబీ గురించిన వాక్యం. ఎంసీబీ దించితే లైటు ఆరిపోయింది, కాని హోల్డరులో కరెంటు ఉంది. దీనికి సూటిగా తోచే కారణం ఆ ఎంసీబీ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉండటం. నల్ల తీగ ఒకటి ఎంసీబీలోకి పోయిందని మీరు రాశారు. అది ఆ నాలుగోదే అయితే అనుమానం దాదాపు తీరిపోయినట్లే. ఇలా ఎందుకు జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పాత చెక్క బోర్డుల్లో కొన్నింట ఫేజుకు ఒకటి, న్యూట్రల్‌కు ఒకటి చొప్పున పింగాణీ కట్ఔట్లు (ఫ్యూజులు) జంటగా ఉండేవి. తరువాత ఎవరో ఆ బోర్డు పీకి ఇనుప డబ్బా పెట్టినప్పుడు, ఒక్కొక్క కట్ఔటు స్థానంలో ఒక్కొక్క ఎంసీబీ పెట్టుకుంటూ పోయి ఉంటారు. న్యూట్రల్ మీద ఫ్యూజు ఉండటం ఆనాడే తప్పు. ఆ ఫ్యూజు పోతే లైట్లు ఆరి, ఇంట్లో కరెంటు లేదనిపిస్తుంది, కాని ప్రతి హోల్డరులోనూ ఫేజు అలాగే నిలిచి ఉంటుంది. బల్బు మారుద్దామని స్టూలు ఎక్కినవారికి షాక్ కొట్టేది అప్పుడే.

దీన్ని రూఢి చేసుకునే పద్ధతి ఒకటి ఉంది, అయితే అది పని తెలిసినవారే చేయాలి. ఎంసీబీ దించి, గోడమీది స్విచ్చు వేసే ఉంచి, బల్బు బిగించి ఉన్నప్పుడు హోల్డరు రెండు కొసలలోనూ టెస్టరు వెలిగి, బల్బు తీసేయగానే ఒక కొసలో మాత్రమే వెలిగితే న్యూట్రల్ తెగి ఉన్నట్లు లెక్క. ఎందుకంటే బల్బులోని ఫిలమెంటు గుండా ఫేజు రెండో కొసకు చేరుతున్నది. టెస్టరు మసక మసకగా వెలిగితే మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఒకే పైపులో కరెంటు ఉన్న తీగ పక్కన పడుకున్న ఖాళీ తీగలో కూడా కొంత వోల్టేజి పుడుతుంది. మల్టీమీటరు అక్కడ 60, 80 వోల్టులు చూపించి మనిషిని తికమక పెడుతుంది. ఎర్తు బాగున్నదని తేలిన చోట, టెస్ట్ ల్యాంపు ఒక కొసను ఆ తీగకు, మరొక కొసను ఎర్తుకు పెడితే నిజం తెలుస్తుంది. పుట్టుడు వోల్టేజికి బల్బును వెలిగించే బలం ఉండదు.

టేపు చుట్టిన తీగకూ ఇదే పరీక్ష. పాత బోరు మోటారుదో, ఒకప్పటి పై గదిదో, తీసేసిన ఇన్వర్టరుదో అయి ఉండవచ్చు. రెండో కొస ఎక్కడ తేలిందో దొరికే వరకు దాన్ని కరెంటు ఉన్న తీగగానే చూడాలి. వట్టి టేపు చాలదు, కొసకు కనెక్టరు బిగించి దానిమీద చీటీ కట్టించండి. వేసవి వేడికి ఆ టేపు జిగురు కరిగి తనంతట తానే విచ్చుకుంటుంది.

ఇక ఆకుపచ్చ తీగ. నేను మీ ఇంట్లో ఉంటే నిద్రపోయే ముందు దాని సంగతే తేల్చుకుంటాను. న్యూట్రల్ పట్టీకి ఆకుపచ్చ తీగ బిగించి ఉండటానికి మూడు కారణాలు ఉండవచ్చు. మొదటిది అమాయకమైనది: నల్ల తీగ అయిపోయి, ఒక గది న్యూట్రల్‌ను ఆకుపచ్చ తీగతో లాగారు. అలాగైతే రెండు కొసలకూ నల్ల టేపు చుట్టి, డబ్బా మూతమీద రాసి పెట్టి, వీలైనప్పుడు తీగ మార్పించుకోవచ్చు. రెండోది అంత అమాయకం కాదు: ఏదో ఒక ప్లగ్గు ఎర్తు రంధ్రం నుంచి వచ్చిన తీగను, ఎర్తు గుంత లేదనో, ఉన్నా పనిచేయడం లేదనో, న్యూట్రల్‌కు కలిపారు. అంతా సజావుగా ఉన్న రోజుల్లో దీనివల్ల ఏమీ తెలియదు. మీటరుకు ముందో తరువాతో న్యూట్రల్ వదులై తెగిన రోజున మాత్రం, ఇంట్లో వెలుగుతున్న ఏదో ఒక లైటు గుండా ఫేజు న్యూట్రల్ పట్టీకి వచ్చి, అక్కడి నుంచి ఆ ఆకుపచ్చ తీగ మీదుగా ఫ్రిజ్జు తలుపుకో, వాషింగ్ మెషీను డబ్బాకో చేరుతుంది. మనిషిని కాపాడడానికి పెట్టిన తీగే కరెంటును మనిషి చేతి దాకా తెచ్చి ఇస్తుంది.

మూడో కారణం మన ప్రాంతంలో నేను అనేక ఇళ్లలో చూసినది. స్తంభం మీద న్యూట్రల్ పోయిన ఏదో ఒక రాత్రి, లైట్లు వెలగడం కోసం ఎవరో న్యూట్రల్ పట్టీ నుంచి ఎర్తు గుంతకు తీగ లాగుతారు. లైట్లు వెలుగుతాయి. మరునాడు లైన్‌మన్ వచ్చి న్యూట్రల్ సరిచేస్తాడు, కాని ఇంట్లోని ఆ తీగను తీసేయాలని ఎవరికీ గుర్తుండదు. ఇందులో ఎంత ప్రమాదం ఉన్నదో లెక్క చూడండి. నల్గొండ చుట్టుపక్కల నేల చాలాచోట్ల రాతి మీద పలుచగా పరచుకున్న ఎర్ర చల్క; ఎండాకాలంలో ఎర్తు గుంత నిరోధం 20 ఓములు ఉండటం వింత కాదు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నిరోధం సుమారు 53 ఓములు. న్యూట్రల్ లేక కరెంటు అంతా గుంతలో నుంచే తిరిగిపోతే, 230 వోల్టులలో సుమారు 63 వోల్టులు ఆ గుంత దగ్గరే నిలుస్తాయి. ఆ గుంతకే మీ ఇంటి ఎర్తు తీగలన్నీ కలిసి ఉన్నాయి కనుక, గీజరు, ఫ్రిజ్జు, గ్రైండరు ఇనుప పాదం అన్నింటి మీదా అంతే వోల్టేజి. తడి కాళ్లతో వంటింట్లో నిలబడినవారికి 63 వోల్టులు తక్కువేమీ కావు. ఇస్త్రీపెట్టె వేసినప్పుడు ఇంట్లో లైట్లన్నీ బాగా మసకబారితే ఇది కూడా ఒక కారణమేమోనని అనుమానించాలి.

ఈ మూడింటిలో ఏదో తేల్చడానికి వచ్చేవారి దగ్గర క్లాంప్ మీటరు, మల్టీమీటరు ఉండాలి. టెస్టరు ఒక్కటే జేబులో పెట్టుకుని వచ్చినవారితో ఈ పని కాదు. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టె అన్నీ నడుస్తుండగా ఆకుపచ్చ తీగ చుట్టూ క్లాంపు పెట్టి చూడాలి. ఒక గదిలో వేసినప్పుడు మాత్రమే కరెంటు కనిపిస్తే అది ఆ గది న్యూట్రల్. ఏ గదిలో వేసినా కొంచెం కొంచెం కనిపిస్తే అది గుంతకు పోయే తీగ. ఎప్పుడూ ఏమీ లేకపోతే అది ప్లగ్గు ఎర్తు కావచ్చు. తరువాత రెండు ధ్రువాల (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంచే) మెయిన్ స్విచ్చు దించి, ప్లగ్గులన్నీ పీకి, న్యూట్రల్ పట్టీకీ ఎర్తు పట్టీకీ మధ్య కలయిక ఉందో లేదో చూడాలి. మామూలుగా అయితే ఉండకూడదు. ఉంటే, ఆకుపచ్చ తీగ విప్పి మళ్లీ చూడాలి. అప్పటికీ ఉంటే మరెక్కడో కూడా కలిపి ఉంచారన్నమాట. చివరికి మెయిన్ ఎక్కించి మూడు కొలతలు రాసుకోవాలి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230కి 6 శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 వరకు ఉండవచ్చు. ఫేజుకూ ఎర్తుకూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య నాలుగైదు వోల్టులకు మించి కనిపిస్తే, రెండింటిలో ఏదో ఒకటి బలహీనంగా ఉన్నట్లు అనుమానించి వెతకాలి.

పసుపు, నీలం తీగల విషయంలో నేను ఇక్కడి నుంచి ఒక్కటే అడగగలను. మీటరులోకి పోయే సర్వీసు తీగలు రెండా, నాలుగా? నాలుగైతే మీకు త్రీ ఫేజు ఉన్నది, ఆ రంగులు సరిగానే వాడి ఉండవచ్చు. రెండే అయితే అవి మిగిలిన తీగలతో చేసిన పని.

ఈలోగా మూత తీయకుండా మీరే చేసుకోగల పని ఒకటి ఉంది. పగటిపూట, ఒకరు డబ్బా దగ్గర, ఒకరు ఇల్లంతా తిరుగుతూ, ఒక్కొక్క ఎంసీబీ దించి ఏ లైటు, ఏ ఫ్యాను, ఏ ప్లగ్గు ఆగుతున్నదో కాగితం మీద రాసుకోండి. ప్లగ్గులకు ఫోను చార్జరు చాలు. ఏ ఎంసీబీ దించినా ఆగనివి, రెండు దించితే గాని ఆగనివి ఉంటే వాటికి ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. వచ్చే ఎలక్ట్రీషియన్‌కు ఆ కాగితం సగం పని తగ్గిస్తుంది. డబ్బా మూతమీద చెయ్యి పెడితే వేడిగా తగిలినా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా, చిటపటమని చప్పుడు వినిపించినా ఈ పరీక్షలేవీ వద్దు, మెయిన్ దించి పిలిపించండి. వదులైన ఒక్క అతుకులో పదో వంతు ఓము నిరోధం ఉండి, దాని గుండా 20 ఆంపియర్లు నడిస్తే 40 వాట్ల వేడి పుడుతుంది. మూసిన డబ్బాలో టంకం పెట్టే కడ్డీని రోజంతా వేసి ఉంచినట్లు.

మరమ్మతుల వరుస నా లెక్కన ఇది. ముందు ఆకుపచ్చ తీగ, ఆ తరువాత నాలుగో ఎంసీబీని ఫేజు మీదికి మార్చి దాని న్యూట్రల్‌ను పట్టీకి బిగించడం, ఆ తరువాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే తెంచేసే స్విచ్చు) పెట్టడం. మొదటి రెండూ కాకుండా ఆర్‌సీసీబీ పెడితే అది నిలవకపోవచ్చు, పరికరం చెడ్డదని మీతో చెప్పి తీసేస్తారు. పని చేయించేటప్పుడు వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషేనా అని అడగడానికి మొహమాటపడకండి. గ్రైండరు ప్లగ్గుకు ఇవన్నీ అయ్యాక 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, 16 ఆంపియర్ల వేరే ఎంసీబీతో విడి లైను వేయించండి.

ప్రశ్న: ఇన్వర్టరు పెట్టించిన రోజు నుంచి హాలులో ఫ్యాను వేయగానే ఆర్‌సీసీబీ పడిపోయేది. ఇన్వర్టరు పెట్టిన అబ్బాయి మళ్లీ వచ్చి, ఆర్‌సీసీబీ పాడైందని దాన్ని తప్పించి, పైనుంచి కిందికి రెండు వైరు ముక్కలు కలిపి పోయాడు. ఇప్పుడు ఏదీ పడటం లేదు. డబ్బాలో ఆ ముక్కలను చూస్తే మాత్రం భయం వేస్తోంది.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: మీ భయం సరైనదే. ఆర్‌సీసీబీ పాడై ఉండకపోవచ్చు. అది నిజం చెప్పినందుకే దాన్ని తీసేసి ఉంటారు. ఆ పరికరం చేసే పని ఒక్కటే: ఫేజులో పోయిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని పోల్చి చూడటం. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, ఆ తేడా ఎవరి ఒంట్లో నుంచో భూమిలోకి పోతున్నదేమోనని తెంచేస్తుంది. మీ ఇంట్లో ఇన్వర్టరుకు పోయే ఫేజును ఆర్‌సీసీబీకి ముందు, మెయిన్ స్విచ్చు నుంచే తీసుకుని ఉంటారు. దాని నుంచి హాలుకు వచ్చిన ఫేజు ఫ్యాను తిప్పి, న్యూట్రల్‌గా తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆర్‌సీసీబీకి తరువాత ఉన్న పాత పట్టీలోకే చేరుతున్నది. పోయినది దాని బయటి నుంచి, వచ్చినది దాని లోపలి నుంచి. 75 వాట్ల ఫ్యాను కరెంటు మూడో వంతు ఆంపియరు, అంటే సుమారు 330 మిల్లీ ఆంపియర్లు. 30కే తెంచేసే పరికరం దానికి ఎలా నిలుస్తుంది?

దీనికి రెండు దారులు ఉన్నాయి. ఇన్వర్టరుకు ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఆర్‌సీసీబీ తరువాతనుంచే ఇవ్వడం సులువైనది. అలా వీలుకాకపోతే, ఇన్వర్టరు మీద నడిచే గదుల న్యూట్రళ్లను పాత పట్టీ నుంచి విడదీసి, వాటికి వేరే పట్టీ పెట్టి, దానికి విడిగా మరొక ఆర్‌సీసీబీ వేయాలి. ఏ దారి పట్టినా ముందుగా ఆ రెండు వైరు ముక్కలు తీయించండి. పనైన తరువాత ఆర్‌సీసీబీ మీది టెస్టు బొత్తాన్ని నెలకొకసారి నొక్కి చూస్తూ ఉండండి. నొక్కినప్పుడు పడకపోతే అప్పుడు పాడైందని అనవచ్చు.

ఇంకొక సంగతి. ఇన్వర్టరు ఉన్న డబ్బాలో మెయిన్ దించినంత మాత్రాన తీగలన్నీ చచ్చినట్లు కాదు, బ్యాటరీ నుంచి 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. "ఇన్వర్టరు లైను ఉన్నది" అని డబ్బా మూతమీద పెద్దగా రాయించండి.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. త్రీ ఫేజు మీటరు ఉంది. ఒక ఫేజు పోయినప్పుడల్లా డబ్బాలో తిప్పుడు స్విచ్చుతో ఇంకొక ఫేజు మీదికి మార్చుకుంటాం. పోయిన నెల గాలివానకు కింది ఇంట్లో లైట్లు మసకబారాయి, పై ఇంట్లో టీవీ, ఫ్రిజ్జు కాలిపోయాయి. ఫేజు మార్చే స్విచ్చే దీనికి కారణమని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ మండలం

జవాబు: స్విచ్చు పాపం చేయలేదనే నా అనుమానం. ఒకచోట మసకబారి, మరొకచోట కాలిపోవడం న్యూట్రల్ తెగినప్పుడు కనిపించే గుర్తు. మూడు ఫేజులలో ఏ ఒక్కదానికైనా న్యూట్రల్‌తో పోలిస్తే 230 వోల్టులు, కాని ఒక ఫేజుకూ ఇంకొక ఫేజుకూ మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ ఉన్నంతవరకు కింది ఇల్లు, పై ఇల్లు దేని దారి దానిదే. అది తెగిన క్షణాన, ఒక ఫేజు మీది పరికరాలు, మరొక ఫేజు మీది పరికరాలు వరుసగా ఒకే దండలోకి వచ్చి, 400 వోల్టులను తమ తమ నిరోధాన్ని బట్టి పంచుకుంటాయి. ఒక ఫేజు మీద 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, మరొక ఫేజు మీద 100 వాట్ల బుగ్గ (బల్బు) మాత్రమే ఉన్నాయనుకోండి. ఇస్త్రీపెట్టెకు సుమారు 36 వోల్టులు, బుగ్గకు సుమారు 364 వోల్టులు వస్తాయి. తక్కువ లోడు ఉన్న ఇంట్లోని పరికరాలే కాలిపోతాయి. మీ పై ఇంట్లో ఆ సమయానికి టీవీ, ఫ్రిజ్జు తప్ప పెద్దవేమీ నడవడం లేదని నేననుకుంటున్నాను.

స్తంభం దగ్గర తెగి ఉంటే అది విద్యుత్ శాఖవారు చూడవలసినది. కాని మీ డబ్బాలో కూడా చూడించండి. మీటరు నుంచి వచ్చిన న్యూట్రల్ పట్టీలోకి చేరే మర బిగువుగా ఉండాలి, దాని చుట్టూ నల్లబడి ఉండకూడదు. ఆ న్యూట్రల్‌కు ఒంటరిగా ఫ్యూజు గాని, విడి ఎంసీబీ గాని ఎక్కడా ఉండకూడదు. మూడు ఫేజులతో పాటు ఒకేసారి తెగే నాలుగు ధ్రువాల మెయిన్ అయితే పరవాలేదు. తిప్పుడు స్విచ్చు వల్ల వచ్చే నష్టం వేరు. మొత్తం ఇంటిని ఒకే ఫేజు మీదికి మార్చినప్పుడు మూడు ఫేజుల లోడు ఒక్క తీగ మీద పడుతుంది. ఆ తీగ, దాని ఎంసీబీ అంత బరువు మోసేవేనా అని లెక్క చూడాలి. వోల్టేజి 270 దాటితే తెంచేసే రక్షణ పరికరాన్ని ఒక్కొక్క ఇంటి లైనుకు ఒకటి చొప్పున పెట్టిస్తే, ఈసారి న్యూట్రల్ తెగినా టీవీ దాకా రాదు.

ప్రశ్న: మా డబ్బాలో తీగలన్నీ రంగుల ప్రకారం చక్కగా ఉన్నాయని చూసినవారు అన్నారు. అయినా ఎండాకాలంలో ఫ్రిజ్జు ముట్టుకుంటే జివ్వుమంటోంది. వానలు పడగానే ఆగిపోతుంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: అమ్మా, మీ డబ్బా బాగానే ఉంది, మీ నేల ఎండిపోయింది. ఎర్తు తీగ డబ్బాలో ఎంత అందంగా బిగించినా, అది చేరే గుంతలో తడి లేకపోతే ఫ్రిజ్జులోని చిన్న లీకేజీ కూడా భూమిలోకి దిగలేక దాని ఒంటి మీదే నిలుస్తుంది. గుంతలో 2.5 మీటర్లకు తక్కువ కాని జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు ఉండాలి. ఉప్పు ఏళ్ల తరబడి పైపును తినేస్తుంది కనుక పైకొస దగ్గర తవ్వించి పైపు మిగిలి ఉందా, దాని బిగింపు తుప్పు పట్టిందా చూడించండి. రాయి తగిలి లోతు దొరకకపోతే కొంచెం ఏటవాలుగా దింపవచ్చు, లేదా కనీసం 2.5 మీటర్ల దూరంలో రెండో గుంత తీసి రెండింటినీ కలపవచ్చు. మార్చి నుంచి జూన్ వరకు వారానికి రెండుసార్లు గుంతలో బిందెడు నీళ్లు పోయండి.

అయితే గుంత బాగుచేస్తే చాలునని అనుకోకండి. 10 ఓముల గుంత మన నేలలో మంచిదనే అనిపించుకుంటుంది. ఫ్రిజ్జులో ఫేజు తీగ డబ్బాకు తగిలితే ఆ గుంత గుండా పోయేది 23 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతటి కరెంటుకు వెంటనే పడదు, ఒక గంట వరకు కూడా నిలిచి ఉండవచ్చు. అది తక్షణం పడాలంటే మామూలు సీ రకం ఎంసీబీకి 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. ఆ గంటసేపూ ఫ్రిజ్జు తలుపు మీద కరెంటు ఉన్నట్లే. మీ డబ్బాలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నదో లేదో మీరు రాయలేదు. లేకపోతే గుంత పనితో పాటే అది కూడా పెట్టించండి. ఉండి కూడా ఎండాకాలమంతా జివ్వుమంటూనే ఉంటే, ఫ్రిజ్జు ప్లగ్గు తీసి, దాని ఎర్తు ముల్లుకు వెనుక ఆకుపచ్చ తీగ అసలు బిగించి ఉన్నదా అని విప్పించి చూడండి.